తివాచీని తిరగేసి చూడండి: పాత పర్షియన్ తివాచీల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొనాలనుకుంటున్న తివాచీ మూలలో హిజ్రీ (ఇస్లామిక్ పంచాంగం) 1218 అని నేసి ఉంది. రెండు వందల ఏళ్ళు దాటిందని అమ్మేవాళ్ళు చెబుతున్నారు. నమ్మొచ్చా?

జవాబు: అంకెను చూసి మాత్రం నమ్మకండి. హిజ్రీ చాంద్రమాన సంవత్సరాన్ని 33.7తో భాగించి, వచ్చినదాన్ని అదే సంవత్సరంలోంచి తీసేసి, 622 కలపండి. 1218 అంటే 1803-04 అవుతుంది. 1318 అయితే 1900-01. పర్షియన్ అంకెల్లో 2కీ 3కీ తేడా పైనుండే ఒక చిన్న పన్ను మాత్రమే. ఆ పన్ను దగ్గర నాలుగు ముడులు పీకి, నేపథ్యం రంగు ఉన్నితో మళ్ళీ వేస్తే తివాచీ వయసు దాదాపు నూరేళ్ళు పెరిగిపోతుంది. అందుకే ముందు తిరగేసి, అంకె ఉన్న చోటును భూతద్దంతో చూడండి. కొత్త ముడులు చుట్టుపక్కలవాటికన్నా ఉబ్బుగానో బిగువుగానో ఉంటాయి. ఎన్నో ఏళ్ళు నేలకు రాసుకున్న పాత ముడుల నునుపు వాటికి రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1925 నుంచి ఇరాన్‌లో అధికారికంగా వాడేది సౌరమాన హిజ్రీ. అందులో 621 కలిపితే చాలు. కాబట్టి 1310 అని ఉంటే అది 1892-93 కావచ్చు, 1931-32 కూడా కావచ్చు. అలాంటప్పుడు తేల్చాల్సింది రంగులే. వ్యాపారంలో నూరేళ్ళు దాటినదాన్నే పురాతనం అంటారు. ఈ నలభై ఏళ్ళ తేడాతో తివాచీ ఆ గీతకు ఇవతల పడుతుందో అవతల పడుతుందో మారిపోతుంది.

ప్రశ్న: ముడులు ఎంత దట్టంగా ఉంటే తివాచీ అంత గొప్పదా? ఎలా లెక్కపెట్టాలి?

జవాబు: లెక్కపెట్టడం తేలికే. వెనకవైపు స్కేలు ఆనించి, అడ్డంగా ఒక సెంటీమీటరులోనూ నిలువుగా ఒక సెంటీమీటరులోనూ ఎన్ని ముడులున్నాయో చూసి గుణించండి. మూడు నాలుగు చోట్ల చూసి సగటు తీయండి. అడ్డం లెక్కలోనే చాలామంది పొరబడతారు. ఒక్కో ముడి రెండు పడుగు (నిలువు) దారాల చుట్టూ పడుతుంది. ఆ రెండూ ఒకే మట్టంలో ఉంటే వెనక రెండు బుడిపెలు కనిపిస్తాయి. పక్కపక్క బుడిపెలు ఎప్పుడూ జంటగా ఒకే రంగులో ఉంటే, ఆ జంట ఒక్క ముడే. అది గమనించకపోతే లెక్క రెట్టింపవుతుంది. ఒక పడుగు దారాన్ని రెండోదాని వెనక్కి అణిచి నేసినవాటిలో ముడికి ఒక బుడిపే కనిపిస్తుంది. జుఫ్తీ ముడి అని ఇంకొకటుంది. రెండు దారాల బదులు నాలుగింటి చుట్టూ వేస్తారు. పని త్వరగా సాగుతుంది. కానీ కుచ్చు, అంటే ముడుల నుంచి పైకి నిలిచే పోగులు, పలచబడి తొందరగా అరిగిపోతుంది. ఈశాన్య ఇరాన్‌లోని ఖొరాసాన్ ప్రాంతపు తివాచీల్లో ఇది ఎక్కువ.

ఇక గొప్పతనం సంగతి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అర్దబీల్ తివాచీలో 10 సెంటీమీటర్ల చదరానికి సుమారు 5,300 ముడులున్నాయి. పడుగూ పేకా (అడ్డదారం) పట్టు, కుచ్చు ఉన్ని. హిజ్రీ 946, అంటే 1539-40 అని తేదీ ఉంది. అంత సన్నని వంపులు తీయాలంటే అంత దట్టం కావాల్సిందే. వాయవ్య ఇరాన్‌లోని హెరీజ్ తివాచీల్లో అదే చదరానికి వెయ్యి ముడులే ఉండొచ్చు. అక్కడి నేతగాళ్ళు వంపులను గీతలుగా విరిచి, పెద్ద పతకాలను కోణాలతో కట్టారు. ఆ బొమ్మకు ఆ నేత సరిపోయింది. మంచి పాత హెరీజ్ కోసం సేకరించేవాళ్ళు పోటీ పడతారు. ఎంత సన్నని నేతైనా బొమ్మ నిర్జీవంగా ఉండి, రంగులు కటువుగా ఉంటే పక్కన పెట్టేయండి. మా దృష్టిలో వరుస ఇది: ముందు రంగు, తర్వాత ఉన్ని, ఆ తర్వాత బొమ్మ, చివరికి ముడుల లెక్క. 2013 జూన్‌లో న్యూయార్క్‌లో సోత్‌బీస్ వేసిన వేలంలో, మూడు మీటర్ల పొడవైనా లేని 17వ శతాబ్దపు కెర్మాన్ తివాచీ 3 కోట్ల 37 లక్షల డాలర్లు పలికింది. కొడవలిలా వంగిన ఆకుల అల్లికే దాని ప్రాణం.

ప్రశ్న: మా తివాచీలో నీలం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉంది. ఇది లోపమా?

జవాబు: తేడా అడ్డంగా, పేక వెంట పట్టీలుగా నడిస్తే లోపం కాదు. దాన్ని అబ్రాష్ అంటారు. ఉన్నిని చిన్న చిన్న వాయిలుగా నీలిమందులో ముంచేవారు. ఒక వాయి అయిపోయి ఇంకోటి మొదలైన చోట ఛాయ మారుతుంది. నిలువుగానో మచ్చలుగానో మారితే అది ఎండ, తడి లేదా పైపూత చేసిన పని. మరీ సమానమైన దూరాల్లో పట్టీలుంటే పాతదనం కోసం కావాలని చేశారేమో అనుమానించండి.

అదే చేత్తో కుచ్చును విడదీసి పోగుల మొదళ్ళు చూడండి. మొదట్లో గాఢమైన ఊదా, కొసలో బూడిదరంగు ఉంటే 19వ శతాబ్దం చివర్లో వచ్చిన తొలి రసాయన రంగు కావచ్చు. మంజిష్ఠ వేరు నుంచి తీసిన ఎరుపు అలా తటాలున మారదు, నెమ్మదిగా లేతబడుతుంది. తడిపిన తెల్లగుడ్డను ఎరుపు మీద నిమిషం సేపు అదిమి చూడండి. రంగు అంటితే ఉతికినప్పుడు పక్క రంగుల్లోకి పాకుతుంది. నల్లటి గీతలు మాత్రమే పల్లంగా అరిగి ఉంటే కంగారుపడకండి. నలుపు కోసం వాడిన ఇనుము ఉన్నిని తినేస్తుంది. నిజమైన వయసుకు అది మంచి ఆనవాలే. తర్వాత వచ్చిన క్రోమ్ రసాయన రంగులు వెలవవు కాబట్టి ఈ పరీక్షలకు దొరకవు. ఖరీదైనదాన్ని కొనేముందు కొద్ది మిల్లీమీటర్ల పోగును ప్రయోగశాలకు పంపడం మేలు.

ప్రశ్న: మూల చిరిగింది. కొస వైపు నేత ఊడుతోంది. బాగు చేయిస్తే విలువ తగ్గుతుందా?

జవాబు: చేయించకపోతేనే తగ్గుతుంది. కొస దారాలు విడిగా కుట్టిన అలంకారం కాదు, పడుగు దారాల చివరలే. అవి తెగితే పేక జారి, ముడుల వరుసలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. ముందు ఆ కొసను నూలు లేదా ఉన్ని దారంతో చేత్తో కుట్టించి ఆపండి. మిషను కుట్టు వద్దు, వెనక జిగురుపూత అసలే వద్దు. జిగురు ఎండి బిరుసెక్కి నేతను విరుస్తుంది, ఆపైన ఏ మరమ్మతుకూ లొంగనివ్వదు. మడిచినప్పుడు చిటపటమంటే నూలు పడుగు పుచ్చినట్టు. అలాంటిదాన్ని నేల మీద వాడకూడదు.

చిరిగిన మూలకు కొత్త పడుగు దారాలను గట్టిగా ఉన్న నేతలోకి కొన్ని సెంటీమీటర్లు ఎక్కించి, చేత్తో వడికిన ఉన్నితో ముడులు వేయించాలి. బోసిపోయిన చోట సిరా పూసి ఇచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. వేరే తివాచీ ముక్క అతికించడానికీ ఒప్పుకోకండి. అర్దబీల్ తివాచీలు నిజానికి రెండు. 19వ శతాబ్దంలో ఒకదాన్ని పూర్తి చేయడానికి రెండోదాన్ని కోశారు. అంచులు పోగొట్టుకున్న ఆ రెండోది ఇప్పుడు లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: చుట్టి దాచిన తివాచీలో పురుగు పట్టింది. ఏం చేయాలి?

జవాబు: ఉన్నిని తినేది చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చీకటిగా, కదలిక లేని చోట పెరుగుతుంది. తివాచీని పాలిథిన్‌లో గాలి తీసి మూసి, మైనస్ 30 డిగ్రీల వద్ద మూడు రోజులు, లేదా మైనస్ 18 వద్ద రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజు సంచి విప్పకండి, లేకపోతే చల్లని ఉన్ని మీద తేమ పడుతుంది. తర్వాత తిరిగే బ్రష్ లేని వాక్యూమ్‌తో రెండు వైపులా, కుచ్చు వాలిన దిశలోనే శుభ్రం చేయండి. కొస దారాల జోలికి వెళ్ళొద్దు. మళ్ళీ చుట్టేటప్పుడు మడవకుండా, లావుపాటి గొట్టం మీద, కుచ్చు బయటికి వచ్చేలా పడుగు దిశలో చుట్టి, ఉతికిన నూలుగుడ్డ కప్పండి. కొన్ని నెలలకోసారి విప్పి రెండు వైపులా చూసుకోండి.