లండీకి వెళ్లే ముందు

తిరుపతి

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో లండీ దీవికి వెళ్తున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. ఇంగ్లండ్ తీరం దగ్గర బ్రిస్టల్ చానల్‌లో అయిదు కిలోమీటర్ల పొడవున్న ఆ చిన్న దీవి మీద తప్ప లండీ క్యాబేజీ అనే మొక్క ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. అది వేరే జాతి అని 1936లో తేల్చారు. మంచి సమయమే ఎంచుకున్నావు, అప్పటికి పూలు వచ్చి ఉంటాయి.

పేరు విని కూరల అంగడిలోని క్యాబేజీని ఊహించుకోకు. ఇది ఆవ కుటుంబపు మొక్క. మన చేల గట్ల మీద చూసిన ఆవపువ్వులాగే నాలుగు పసుపు రేకులు ఉంటాయి. పువ్వు దగ్గరే ఆగిపోకుండా ఆకులు కూడా చూడు. చిన్న చిన్న చిల్లులు కనిపిస్తే కదలకుండా కూర్చో. కంచురంగులో మెరిసే, నువ్వుగింజంత పెంకుపురుగు చటుక్కున గెంతుతుంది. దానికి ఆ మొక్కే ఆధారం, ఆ దీవే లోకం. నాకైతే పువ్వు కంటే ఆ పురుగే ఎక్కువ అబ్బురం.

మొక్కలు ఎక్కువగా తూర్పు వైపు కొండవాలులో ఉంటాయి. ఎంత ఆశ పుట్టినా వాలులోకి దిగవద్దు. బైనాక్యులర్ తీసుకెళ్లు. పడవ ఎక్కే ముందు బూట్ల అడుగులు బ్రష్షుతో తోమి కడుగు. అందం కోసం నాటిన రోడోడెండ్రాన్ పొదలు ఆ వాలంతా కమ్ముకుని ఈ మొక్కకు వెలుతురు లేకుండా చేశాయి. వాటిని నరికి తీయడానికి ఏళ్లు పట్టింది. నీ బూట్లకు అంటిన బురదలో ఏ విత్తనం ఉందో ఎవరికి తెలుసు?

ఇక నా తప్పు చెబుతాను. మన శేషాచలంలో పేరిత ఉంది కదా, ఈ తూర్పు కనుమల్లో తప్ప ఎక్కడా పుట్టని చెట్టు. దానికి పువ్వు ఉండదు. మగచెట్టుకు కంకి వస్తుంది, మందుకోసమని దాన్ని కోసుకుపోతారు. కంకి పోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే ఆడచెట్టుకు గింజ లేదు. చాలా ఏళ్ల కిందట ఒక సభలో, ఏ వాగు పక్కన ఎన్ని చెట్లు చూశానో ఉత్సాహంగా చెప్పేశాను. మరుసటి ఏడు వెళ్తే తలలు నరికిన చెట్లు కనిపించాయి. కోసిన చోట జిగురు కారి ఎండిపోయి ఉంది. ఎవరు కోశారో తెలియదు. చోటు చెప్పింది మాత్రం నేనే. ఆ వాగు పేరు ఈ ఉత్తరంలో కూడా రాయడం లేదు.

అందుకే ఫోనులో ఫొటోకు స్థలం నమోదయ్యే ఏర్పాటును ముందే ఆపెయ్యి. అరుదైనది ఏదైనా కనిపిస్తే సరైన చోటు దీవి వార్డెన్‌కు మాత్రమే చెప్పు. మొక్క మొత్తం, ఆకు, పువ్వు, కాయ విడివిడిగా ఫొటోలు తీసుకో. పక్కన ఒక నాణెం పెడితే కొలత తెలుస్తుంది. కోయవద్దు, రాలిన రేకు కూడా పుస్తకంలో పెట్టుకోవద్దు.

తిరిగొచ్చాక ఉత్తరం రాయి. ఆకుకు ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టి మరీ రాయి.

నీ పెద్దమ్మ