డెల్ క్రెడరీ కమీషన్ మీ ఆదాయం కాదు, మీరు పుచ్చుకున్న బీమా ప్రీమియం

ప్రశ్న: నేను కన్‌సైన్‌మెంట్ మీద సరుకు తెప్పించుకొని అమ్ముతాను, అంటే సరుకు పంపేవారి (కన్‌సైనర్) తరఫున కమీషన్‌కు అమ్మే కన్‌సైనీని. సాధారణ కమీషన్ 5 శాతం, అరువు బాకీలు రాకపోతే నేనే భరిస్తానన్న పూచీకి ఇచ్చే డెల్ క్రెడరీ కమీషన్ 2 శాతం, రెండూ మొత్తం అమ్మకాల మీద ఇస్తారు. ఈ విడత సరుకంతా 10,00,000కు అమ్ముడైంది. అందులో నగదుకు అమ్మినది 4,00,000, అరువుకు అమ్మినది 6,00,000. అరువులో 4,80,000 వసూలైంది. ఒక కొనుగోలుదారు దివాలా తీయడంతో 30,000 పోయింది. మరో 90,000 రావాల్సి ఉంది. ఖర్చులు 15,000, ముందుగా ఇచ్చిన బయానా 1,00,000, కమీషన్లు 70,000 మినహాయించుకుంటే నా పుస్తకం ప్రకారం కన్‌సైనర్‌కు ఇవ్వాల్సింది 6,95,000. నా దగ్గర ఉన్న సొమ్ము కూడా సరిగ్గా అంతే. ఆయన మాత్రం 8,15,000 అడుగుతున్నారు. సంబంధం చెడకుండా ఆ తేడా 1,20,000ను నెలకు 3 శాతం వడ్డీకి తెచ్చి ఇచ్చేద్దామా? డెల్ క్రెడరీని 3 శాతానికి పెంచి, రెట్టింపు సరుకు పంపుతామంటున్నారు. ఒప్పుకోవచ్చా? కమీషన్ ఇంటి ఖర్చులకు అయిపోయింది. తిరిగి చేతికి వచ్చిన బయానా లక్ష తప్ప నాకు వేరే పొదుపు లేదు.

జవాబు: మొదట అప్పు సంగతి తేల్చేద్దాం: తేవద్దు. 1,20,000 మీద నెలకు 3 శాతం అంటే నెలకు 3,600. ఆ అప్పు ఆరు నెలలు నడిస్తే వడ్డీయే 21,600 అవుతుంది. ఈ విడత మీకు వచ్చిన డెల్ క్రెడరీ కమీషన్ మొత్తం 20,000. బాకీలకు పూచీ పడినందుకు వచ్చిన ప్రతిఫలమంతా ఆ పూచీ తీర్చడానికి తెచ్చిన అప్పు వడ్డీకే చాలదన్నమాట. సంబంధం చెడకూడదన్న మీ ఆలోచన మంచిదే గాని, ఇలాంటి అప్పుతో నిలిచే సంబంధం మరుసటి విడతకు మరో అప్పును అడుగుతుంది. అలా ఏడాది తిరిగేసరికి కన్‌సైనర్‌కు బదులు వడ్డీ వ్యాపారికి కమీషన్ మీద పనిచేస్తున్నవారిని నేను తగినంతమందిని చూశాను.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ అప్పు కాదు. మీ పుస్తకంలోని నిల్వ, మీ గల్లా పెట్టెలోని సొమ్ము సరిగ్గా సరిపోయాయని మీరు రాశారు. లెక్క సరైనదనడానికి మీరు చూపిన రుజువు అదొక్కటే. లెక్క తప్పని నాకు అనుమానం కలిగింది కూడా అక్కడే. డెల్ క్రెడరీ తీసుకున్న కన్‌సైనీ పుస్తకంలో, అరువు బాకీలు ఇంకా వసూలు కాకుండా ఉన్నప్పుడు, కన్‌సైనర్‌కు ఇవ్వాల్సిన మొత్తం చేతిలోని సొమ్ము కంటే ఎక్కువ ఉండి తీరాలి. ఆ రెండూ సమానమయ్యాయంటే మీరు అరువు అమ్మకాలను అమ్మిన రోజు రాయకుండా, వసూలైన రోజున మాత్రమే రాశారని అర్థం.

ఆ పద్ధతి ఊరికే పుట్టినది కాదు, డెల్ క్రెడరీ లేని ఒప్పందానికి అది సరైన పద్ధతే. అక్కడ అరువుకు కొన్నవారు కన్‌సైనర్‌కే బాకీ పడతారు. ఆయన తన పుస్తకంలో కన్‌సైన్‌మెంట్ ఋణగ్రస్తుల ఖాతాను డెబిట్ చేసి కన్‌సైన్‌మెంట్ ఖాతాను క్రెడిట్ చేసుకుంటారు, ఎవరైనా ఎగ్గొడితే ఆ రాని బాకీని కన్‌సైన్‌మెంట్ ఖాతాకే నష్టంగా చూపుకుంటారు. కన్‌సైనీకి అమ్మిన రోజు రాయాల్సింది ఏమీ ఉండదు. వసూలు చేసినప్పుడు నగదు డెబిట్ చేసి కన్‌సైనర్ ఖాతాను క్రెడిట్ చేస్తే చాలు. మీరు చేసినది అచ్చంగా ఇదే. అయితే డెల్ క్రెడరీ ఒప్పందంలో ఆ ఋణగ్రస్తులు మీ ఋణగ్రస్తులు. కన్‌సైనర్ నగదు, అరువు అన్న తేడా చూడకుండా మొత్తం 10,00,000కు మీ వ్యక్తిగత ఖాతాను డెబిట్ చేస్తారు. ఎవరు ఇచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో ఆయన పుస్తకానికి అక్కర్లేదు. ఆయన అడిగే 8,15,000 సరైన అంకె. మీరు కమీషన్‌ను 10,00,000 మీద తీసుకొని బాధ్యతను 8,80,000 మీద మాత్రమే రాసుకున్నారు. తేడా 1,20,000 అక్కడిదే. అది పోయిన 30,000, రావాల్సిన 90,000 కలిసిన మొత్తమే గాని, కన్‌సైనర్ వేసిన అదనపు భారం కాదు.

సవరణకు ఒక్క పద్దు చాలు: కన్‌సైన్‌మెంట్ ఋణగ్రస్తుల ఖాతా డెబిట్ 1,20,000, కన్‌సైనర్ ఖాతా క్రెడిట్ 1,20,000. తర్వాత దివాలా తీసినవారి 30,000ను ఋణగ్రస్తుల ఖాతాలో క్రెడిట్ చేసి, డెల్ క్రెడరీ కమీషన్ ఖాతాలో డెబిట్ చేయండి. ఆ ఖాతాలో మీకు వచ్చిన 20,000 ఆదాయం ఎదుట 30,000 నష్టం నిలిచి, 10,000 లోటు లాభనష్టాల ఖాతాకు పోతుంది. రాని బాకీలకు వేరే ఖాతా తెరిచి రాసినా తప్పు లేదు గాని, రెండింటినీ ఒకే ఖాతాలో ఎదురెదురుగా చూడడం మీవంటివారికి మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పూచీ వ్యాపారంలో లాభమా నష్టమా అన్నది ఆ ఒక్క పుటలోనే కనిపిస్తుంది. ఇకమీదట అరువు అమ్మకం జరిగిన రోజే ఋణగ్రస్తులను డెబిట్ చేసి కన్‌సైనర్‌ను క్రెడిట్ చేయాలి. వసూలైన సొమ్ముకు నగదు లేదా బ్యాంకు డెబిట్, ఋణగ్రస్తులు క్రెడిట్. వసూలు సందర్భంగా కన్‌సైనర్ ఖాతా జోలికి పోకూడదు, పోతే ఒకే సొమ్ము ఆయనకు రెండుసార్లు జమ అవుతుంది. దివాలా తీసినవారి ఆస్తుల నుంచి ఎప్పుడైనా కొంత తిరిగి వస్తే అది మీదే, కన్‌సైనర్‌కు చూపనక్కర్లేదు.

ఋణగ్రస్తులందరినీ ఒకే మొత్తంగా రాసి వదిలేయడం వసూళ్లకు పనికిరాదు. ఒక్కొక్కరికి ఒక్కో పుట, అందులో బిల్లు సంఖ్య, అమ్మిన తేదీ, గడువు తేదీ, వచ్చినది, మిగిలినది ఉండాలి. ఎవరైనా కొంత సొమ్ము ఇస్తే అది ఏ బిల్లుకు చెల్లుతుందో ఆనాడే అడిగి రాయించుకోండి. అలా చేయకపోతే పాత బిల్లు పాతదిగానే ఉండి, కొత్త బిల్లు తీరినట్లు కనిపించి, వివాదం వచ్చినప్పుడు మీ పుస్తకమే మీకు అడ్డం తిరుగుతుంది. నెలాఖరున ఈ పుటలన్నిటి నిల్వలను కూడితే ఆవర్జా (లెడ్జరు)లోని ఋణగ్రస్తుల ఖాతా నిల్వతో సరిపోవాలి. మీరు గల్లా పెట్టెతో సరిచూసుకున్నారు, సరిచూసుకోవాల్సింది దీనితో.

ఇప్పుడు ఆ 90,000. మీరు జతచేసిన పట్టికలో గడువు దాటి నెల అయినవి 40,000, రెండు నెలలైనవి 35,000, మూడు నెలలు మించినవి 15,000. బాకీ వయసు పెరిగేకొద్దీ వసూలయ్యే అవకాశం తగ్గుతుంది గనుక నేను ఇలాంటి చోట వరుసగా 10, 30, 60 శాతం చొప్పున పక్కన పెట్టమంటాను. ఇది చట్టమేమీ కాదు, నా అంచనా, మీ కొనుగోలుదారుల సంగతి తెలిసిన మీరు మార్చుకోవచ్చు. ఆ లెక్కన 4,000, 10,500, 9,000 కలిసి 23,500 సంశయాత్మక బాకీల (రాకపోవచ్చనిపించే బాకీల) నిధి కావాలి. మీ 70,000 కమీషన్‌లోంచి పోయిన 30,000, ఈ 23,500 తీసేస్తే ఈ విడత మీ అసలు సంపాదన 16,500. మీరు ఇంటికి వాడినది 70,000. తేడా 53,500 ఎవరి సొమ్మో వేరే చెప్పనక్కర్లేదు.

నేను ప్రతి ఉత్తరంలోనూ చెప్పేదే ఇక్కడా చెప్పబోతున్నాను, కాస్త ఓపిక పట్టండి. క్రెడరీ అనే ఇటాలియన్ మాటకు నమ్మడమని అర్థం. ఎదుటివారి నమ్మకానికి మీరు హామీ ఇచ్చి, దానికి 2 శాతం పుచ్చుకుంటున్నారు. అది అమ్మినందుకు వచ్చే కూలి కాదు, దానికి 5 శాతం వేరే ఉంది. ఇది బీమా సంస్థ పుచ్చుకునే ప్రీమియం వంటిది. వసూలు చేసిన ప్రీమియం అంతా ఆ నెలలోనే పంచుకు తినే బీమా సంస్థ దగ్గర మీరు పాలసీ తీసుకుంటారా? మీ కన్‌సైనర్ అలాంటి సంస్థ దగ్గరే తీసుకున్నారు. పైగా 2 శాతం మొత్తం అమ్మకాల మీద అనిపించినా, మీ పూచీ అంతా అరువు మీదే గనుక 20,000ను 6,00,000తో పోల్చాలి: 3.33 శాతం. ఇప్పటికే తేలిన నష్టం అరువులో 5 శాతం.

పైన చెప్పిన 23,500 నిధి పుస్తకంలోది. అది ఒక ఖాతా పేరు మాత్రమే, దాని వెనుక ఒక్క చిల్లిగవ్వ ఉండాలన్న నియమం లేదు. రాని బాకీకి నిధి ఏర్పాటు చేశామని తృప్తిపడి, ఆ రోజు వచ్చాక చెల్లించడానికి సొమ్ము లేక వెతుక్కునేవారు మీరొక్కరే కాదు. అందుచేత డెల్ క్రెడరీ కమీషన్ కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. కమీషన్ చేతికి వచ్చిన రోజే మొత్తంగా అందులో వేయండి, రాని బాకీ భర్తీకి తప్ప మరి దేనికీ తీయకండి. అందులోని నిల్వ మీ ఋణగ్రస్తులలో అతి పెద్ద బాకీకి, లేదా మొత్తం అరువు నిల్వలో 10 శాతానికి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి సమానమయ్యేదాకా ఆ కమీషన్‌ను ఆదాయంగా భావించవద్దు. అంతకు మించినది ఇంటికి తీసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఇంటి అత్యవసర నిధి దీనికి పూర్తిగా వేరు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడేంత మొత్తం వ్యాపారానికి అందని చోట ఉండాలి. మీరు ఉన్న ఏకైక పొదుపును బయానాగా కన్‌సైనర్ చేతిలో పెట్టారు. ఈసారి అది క్షేమంగా తిరిగి వచ్చింది. సరుకు అమ్ముడుపోకుండా నిలిచిపోయి, అదే నెలలో ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలై ఉంటే, 3 శాతం వడ్డీ అప్పు ఈ ఉత్తరం రాయకముందే మీ ఇంటికి వచ్చి ఉండేది. రాబోయే విడతకు ఈ లక్షలోంచి బయానా ఇవ్వవద్దు.

ఇక చెల్లింపు. మీ దగ్గరున్న 6,95,000 కన్‌సైనర్ సొమ్ము, దాన్ని ఈ రోజే పంపండి. పోయిన 30,000 ఎలాగూ మీరు భరించాల్సిన నష్టమే గనుక దాన్ని ఆ లక్షలోంచి తీసి ఇవ్వండి. అత్యవసర నిధిని ముట్టుకోమని నేను అరుదుగా చెబుతాను, కానీ తేలిపోయిన నష్టాన్ని వాయిదా వేసినంత మాత్రాన అది తగ్గదు. మిగిలిన 70,000 కదలకూడదు. అప్పుడు మీరు కన్‌సైనర్‌కు ఇంకా ఇవ్వాల్సింది 90,000. దీనికి ఒప్పందంలో గడువు ఏమని ఉందో చూసి, సవరించిన లెక్కను, ఋణగ్రస్తుల పట్టికను జతచేసి, ఏ తేదీకి ఎంత పంపగలరో రాతపూర్వకంగా తెలపండి. తన అంకెను సరైనదని ఒప్పుకొని, పెద్ద మొత్తం ముందే చెల్లించిన కన్‌సైనీకి కొంత గడువు ఇవ్వడం చాలామంది కన్‌సైనర్లకు కష్టం కాదు. ఆయన ఒప్పుకోకపోతే, రాబోయే విడత సాధారణ కమీషన్‌లోంచి మినహాయించుకోమని అడగండి.

నెల దాటిన 40,000 బాకీదారులకు వెంటనే చెల్లిస్తే 2 శాతం తగ్గింపు ఇస్తానని చెప్పి చూడండి. ఖర్చు 800 మాత్రమే, అదే సొమ్ముకు అప్పు తెస్తే ఒక్క నెల వడ్డీ 1,200. కన్‌సైనర్ ముందే అంగీకరించి ఉంటే తప్ప ఆ తగ్గింపు మీ నష్టమే, ఆయన ఖాతాకు రాయకండి. మూడు నెలలు దాటిన 15,000 కోసం ఫోన్లు మాని రాతపూర్వక నోటీసు ఇవ్వండి. బిల్లులను డిస్కౌంటు చేయించుకోవడం (గడువుకు ముందే కొంత తగ్గించి సొమ్ము తీసుకోవడం), అరువు బీమా తీసుకోవడం వంటి మార్గాలూ ఉన్నాయి. మీ పుస్తకం ఇప్పుడున్న స్థితిలో వాటిని ఎవరూ మంచి రేటుకు ఇవ్వరు.

3 శాతం ప్రతిపాదన పైకి ఉదారంగా కనిపిస్తుంది. అమ్మకాలు 20,00,000 అయి, అరువు పాలు ఇప్పటిలాగే ఉంటే అది 12,00,000 అవుతుంది. 3 శాతం మీద వచ్చే 60,000 ఆ అరువులో సరిగ్గా 5 శాతం. మీ తేలిన నష్టమూ 5 శాతమే. అంటే పెంచిన రేటు ఇప్పటి నష్టానికి సమానం మాత్రమే, రావాల్సిన 90,000లో ఎంత మునిగినా దానికి పైపెచ్చు. రెట్టింపు సరుకు అమ్మాలంటే ఇప్పుడు అరువు ఇవ్వడానికి మీరు వెనకాడుతున్నవారికి కూడా ఇవ్వాల్సి వస్తుంది, కాబట్టి నష్టం 5 శాతం దగ్గరే ఆగుతుందని నేను అనుకోను. డెల్ క్రెడరీ లేకుండా 5 శాతం సాధారణ కమీషన్ మీదే రెట్టింపు సరుకు పంపుతారేమో అడగండి. అప్పుడు అరువు ఎవరికి ఇవ్వాలో ఆయన నిర్ణయిస్తారు, బాకీలు ఆయన పుస్తకంలో ఉంటాయి, మీరు ఇంతకాలం రాసిన పద్ధతి అప్పటికి సరైనదవుతుంది. ఆయన ఒప్పుకోకపోతే, పూచీ నిధి ఖాతా పైన చెప్పిన మట్టానికి చేరేవరకు పాత పరిమాణంలోనే, ఒక్కో కొనుగోలుదారుకు అరువు హద్దు నిర్ణయించుకొని, వ్యాపారం కొనసాగించండి.