ముందు ఆ కప్పు ఏ దేశానిదో చూడు

అమ్మాయ్,

నువ్వు పంపిన బనానా బ్రెడ్ రెసిపీ చదివాను. రాత బాగుంది, చదువుతుంటేనే నోరూరింది. కొలతల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. అమెరికా రెసిపీలో ఉన్న 2 కప్పుల మైదాని నువ్వు 480 గ్రాములు చేశావు. కప్పు 240 మి.లీ. కాబట్టి 240 గ్రాములు అనుకున్నట్టున్నావు. ఆ లెక్క నీళ్లకి సరిపోతుంది, మైదాకి కాదు. మైదాని చెంచాతో కప్పులో వేసి, పైన కత్తితో సమం చేస్తే 120, 125 గ్రాములే తూగుతుంది. కప్పునే డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా పోతుంది. అదే కప్పుతో చక్కెరైతే 200. నీ లెక్కతో చేసినవాళ్లకి కేక్ కాదు, ఇటుక వస్తుంది. తిట్లు మాత్రం నీకే.

మన వంటలకి ఈ బాధ తక్కువ. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అంటాం. ఆ గ్లాసు ఎంతదైనా ఫర్వాలేదు, రెండూ దాంతోనే కొలుస్తాం కదా. పక్కన గుడ్లు, చెంచాల లెక్కన బేకింగ్ పౌడర్ చేరినప్పుడే చిక్కు. కప్పు పెద్దదైతే మైదా పెరుగుతుంది గానీ గుడ్డు పెరగదుగా!

అందుకే ఏ రెసిపీ చేతికొచ్చినా అది ఏ దేశంలో రాసిందో ముందు చూడు. కప్పు అమెరికాలో సుమారు 240 మి.లీ., ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. అమెరికాకీ ఆస్ట్రేలియాకీ ఉన్న కప్పు తేడా చాలావరకు సర్దుకుపోతుంది. నన్నడిగితే అసలు భయపడాల్సింది చెంచాకి. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ 20 మి.లీ., బ్రిటన్, అమెరికాల్లో 15. బేకింగ్ పౌడర్ ఒక టేబుల్ స్పూన్ అని ఉంటే తేడా ఏకంగా ఒక టీస్పూన్. పాత బ్రిటిష్ వంటల పుస్తకంలో పింట్ కనిపిస్తే 568 మి.లీ. అనుకో, అమెరికాది 473.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా నీ రాతలు చదువుతారు కాబట్టి రైస్ కుక్కర్ సంగతీ చెప్తాను. జపాన్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ. గిన్నె లోపలి గీతలు ఆ కప్పు లెక్కనే ఉంటాయి. అది ఎక్కడో పోయిందని 240 మి.లీ. మామూలు కప్పుతో 3 కప్పుల బియ్యం వేసి, 3 అని ఉన్న గీత దాకా నీళ్లు పోశారనుకో. అక్కడ బియ్యం నిజానికి కుక్కర్ లెక్కలో 4 కప్పులు. అన్నం పలుకుమీదే ఉండిపోతుంది. పులిహోర రాసినప్పుడు బియ్యం ఏ కప్పుతో కొలవాలో చెప్పకపోతే పులుపు కూడా తప్పుతుంది.

ఇక వెన్న. స్టిక్ అని ఉంటే 'ఒక ముక్క' అని రాసి వదిలేశావు. అమెరికాలో స్టిక్ అంటే అరకప్పు, 113 గ్రాములు. చదివేవాళ్లు ఇక్కడి 100 గ్రాముల ప్యాకెట్ వేసేస్తే దాదాపు టేబుల్ స్పూన్ తక్కువ పడుతుంది. పైగా మన షాపుల్లో ఎక్కువగా ఉండేది ఉప్పు బటర్, కాబట్టి విడిగా వేసే ఉప్పు తగ్గించమని చెప్పు. 113.4 లాంటి దశాంశాలు మాత్రం వద్దు, 115 అని రాసెయ్. ఓవెన్ వేడి దగ్గరా ఇదే తంతు! 350 ఫారెన్‌హీట్‌ని 176.67 సెల్సియస్ అన్నావు. ఏ ఓవెన్ నాబ్ మీద ఉందమ్మా ఆ అంకె? 180 చాలు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 తగ్గించాలి. బ్రిటన్ రెసిపీలో గ్యాస్ మార్క్ 4 (అక్కడి గ్యాస్ ఓవెన్ నాబ్ మీది అంకె) అన్నా ఆ 180 వేడే.

గ్రాములు ముందు రాసి, కప్పులు పక్కన పెట్టు. టిన్ను సైజు అసలు రాయనే లేదు. 9x5 అంగుళాలదైతే 23x13 సెం.మీ. అనీ చేర్చు. ఈ కొలతలతో నువ్వే ఒకసారి తూచి చేసి, ఎన్ని నిమిషాలకి ఉడికిందో కూడా రాసి మళ్లీ పంపు.