ఓట్ ఫైబర్‌కు బదులు ఏమిటి? మేనకోడలికి అత్తయ్య లేఖ

చి. సౌ. మేనకోడలికి,

అమలాపురం నుంచి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కాకినాడలో ఇంటి దగ్గరే బ్రెడ్లు, కేకులు చేసి ఆర్డర్లకు ఇస్తున్నావని తెలిసి సంతోషించాను. ఆరోగ్యకరమైన బేకింగ్ అని చెప్పే తయారీ విధానాలన్నీ ఓట్ ఫైబర్ వేయమంటున్నాయని, అది తెప్పించుకోవాలంటే ఖరీదు ఎక్కువగా ఉందని, దానికి బదులు మన దగ్గర దొరికేది ఏదైనా వేయవచ్చా అని అడిగావు. వేయవచ్చు. అయితే చెంచాకు చెంచా లెక్కన మార్చడం కుదరదు. ఆ వంటకంలో ఓట్ ఫైబర్ ఏ పని కోసం ఉందో, అంటే నీటిని పట్టి ఉంచడానికా, పిండిని తేలిక చేయడానికా, లేక పీచు పెంచడానికా అన్నది ముందు చూసుకుని, ఆ పని చేయగల పదార్థాన్ని ఎంచుకోవాలి.

ఓట్ ఫైబర్ అంటే ఓట్ గింజ మీది పొట్టును శుద్ధి చేసి మెత్తగా పొడి కొట్టినది. అందులో దాదాపు తొంభై శాతం పీచే, అదీ నీటిలో కరగని రకం. రుచి లేదు, పిండిపదార్థం నామమాత్రం, నీటిని మాత్రం తన బరువుకు కొన్ని రెట్లు పీల్చుకుంటుంది. మనం జావ కాచుకునే ఓట్స్‌లో పీచు పది శాతం చిల్లర మాత్రమే కనుక, వాటిని మిక్సీలో పొడి కొట్టి దీని బదులు వేస్తే నీవు వేసింది మరొక పిండి అవుతుంది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకో. రోజుకు మూడు గ్రాముల బీటా గ్లూకాన్ (ఓట్స్‌లో ఉండే, నీటిలో కరిగే పీచు) గుండెకు మేలు చేస్తుందని చెప్పుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతించింది ఓట్స్, ఓట్ బ్రాన్ (ఓట్ తవుడు) వంటి వాటికి. పొట్టు నుంచి తీసిన ఈ పొడికి ఆ గుణాన్ని అంటగట్టి కొనేవాళ్లకు చెప్పకు.

ఓట్ పొట్టు తినగా లేనిది మన వడ్ల ఊక తింటే తప్పేమిటని మీ మామయ్య వేళాకోళమాడుతున్నారు. ఆయన మాట నవ్వుకోవడానికి బాగుంటుంది కాని, ఊకలో సిలికా అధికం, అది బాయిలర్లలోకీ ఇటుక బట్టీలకూ పనికివచ్చేదే తప్ప వంటింట్లోకి రాకూడదు. తవుడు సంగతి వేరు, అందులో పోషకాలున్నాయి. కాని బియ్యం పాలిష్ పట్టిన వెంటనే తవుడులోని ఎంజైము నూనెను చెడగొట్టడం మొదలుపెడుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే చేదెక్కి వాసన వస్తుంది. పైగా మిల్లులో పశువుల దాణాకని పోసే తవుడులో ఊక నూక ఏవి కలిశాయో మనకు తెలియదు. మనుషులు తినడానికని వేడి చేసి స్థిరపరచిన తవుడు దొరికితే తప్ప దాని జోలికి పోవద్దు.

నీవు చేసేది ఈస్ట్ వేసిన బ్రెడ్ అయితే, అసలు ఓట్ ఫైబర్ అవసరమా అని ఒకసారి లెక్క వేసి చూడు. మైదాలో వంద గ్రాములకు పీచు మూడు గ్రాముల లోపు. అర కిలో మైదాలో 25 గ్రాముల ఓట్ ఫైబర్ కలిపి, అందుకు తగ్గట్టు నీళ్లు మరో 50 మిల్లీలీటర్ల వరకు పెంచి చేస్తే, కాల్చిన తరువాత సుమారు 800 గ్రాములు తూగే ఆ బ్రెడ్‌లో వంద గ్రాములకు నాలుగున్నర గ్రాముల పీచు ఉంటుంది. అదే అర కిలో మర పట్టించిన గోధుమ పిండితో, ఏ పొడీ కలపకుండా చేస్తే, గోధుమ పిండిలో వంద గ్రాములకు పదకొండు గ్రాములకు పైగా పీచు ఉంటుంది కనుక, బ్రెడ్‌లో ఏడు గ్రాముల దాకా వస్తుంది. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం, ఘనాహారం మీద పీచు ఉన్నదని రాయాలంటే వంద గ్రాములకు కనీసం 3 గ్రాములు, పీచు అధికమని రాయాలంటే కనీసం 6 గ్రాములు ఉండాలి. ఖరీదైన పొడి వేసిన మైదా బ్రెడ్ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతోంది, మర పిండి రెండోది దాటుతోంది. నీ ఖాతాదారులు తెల్లటి మెత్తటి బ్రెడ్డే కావాలని పట్టుబడితే తప్ప నేనైతే మర పిండినే నమ్ముకుంటాను.

మర పిండి బ్రెడ్ గట్టిగా వస్తోందని నీవు అంటావు. పొట్టు ముక్కలు పిండిలోని గ్లూటెన్ (ముద్దను సాగేలా చేసే మాంసకృత్తు) సాగుడుకు అడ్డం పడటమే కారణం. పిండిని జల్లించి, జల్లెడలో మిగిలిన పొట్టును రెట్టింపు బరువు వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, చల్లారాక తిరిగి అదే పిండిలో కలిపి చూడు. నానిన పొట్టు మెత్తబడుతుంది, కలిపిన ముద్దలోని నీటిని తరువాత లాక్కోదు, బ్రెడ్ ఇంకాస్త పొంగుతుంది.

ఇక ఇసబ్గోల్, అంటే మలబద్ధకానికి నీళ్లలో కలిపి తాగే గింజల పొట్టు. ఇది గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాల పంట అయినా ప్రతి మందుల దుకాణంలోనూ దొరుకుతుంది. ఓట్ ఫైబర్ నీటిని పీల్చి పొడిపొడిగానే ఉంటే, ఇసబ్గోల్ జిగురుగా మారి పిండిని పట్టి ఉంచుతుంది కనుక, జొన్న పిండి, బాదం పొడి వంటి గ్లూటెన్ లేని వాటితో చేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. గోధుమ బ్రెడ్‌కైతే అర కిలోకు పది గ్రాములు చాలు. వంద మిల్లీలీటర్ల నీళ్లను చెంచాతో తిప్పుతూ ఉండగా దాన్ని పైనుంచి కొద్దికొద్దిగా చల్లాలి. తిప్పడం ఆపితే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఓవెన్‌లో కూడా కరగవు. ఐదు నిమిషాలకు చెంచా ఎత్తితే సాగుతూ జారే జిగురు తయారవుతుంది, అప్పుడు పిండిలో కలుపుకోవాలి. ఎక్కువ వేస్తే బ్రెడ్ పైన కాలినట్లు కనిపించి లోపల బంకగా మిగిలిపోతుంది. పూర్తిగా చల్లారనిదే కోయకు. కొన్ని రకాల ఇసబ్గోల్‌తో లోపలి భాగం ఊదా రంగుకు తిరుగుతుంది, అది చెడిపోయిన గుర్తు కాదు, మరొక కంపెనీ సరుకు తెచ్చుకుంటే సరిపోతుంది.

కేకులకూ బిస్కెట్లకూ మాత్రం మన కోనసీమ కొబ్బరిని మించినది లేదు. పాలు తీయగా మిగిలిన పిప్పిని పారేయకుండా, పళ్లెంలో పలుచగా పరచి, ఎనభై తొంభై డిగ్రీల ఓవెన్‌లో నడుమ నడుమ కలుపుతూ, వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలేదాకా ఆరబెట్టు. గోదావరి గాలిలో తేమ ఎక్కువ కనుక ఎండను నమ్ముకుంటే ముక్కవాసన పడుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, ఏకబిగిన తిప్పితే నూనె ఊరి ముద్ద కడుతుంది. జల్లించాక కేకు పిండిలో ఐదో వంతుకు బదులు దీన్ని వేసి, పాలు లేక గుడ్డు కాస్త పెంచి, కలిపిన జారును పది నిమిషాలు అలా ఉంచి చూడు. అప్పటికి అది చిక్కబడుతుంది, ఇంకా పాలు కావాలో వద్దో అప్పుడే నిర్ణయించుకో. ఇంట్లో చేసినదానిలో కొవ్వు మిగిలి ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు వారాల్లో వాడేయాలి. దుకాణంలో కొనే కొబ్బరి పిండి నూనె తీసినది, మరింత నీరు తాగుతుంది.

అవిసె గింజల పొడి కూడా మంచిదే, కాని ఏ రోజుకు ఆ రోజు కొట్టుకోవాలి. పచ్చి అరటికాయ పిండి గురించి రావులపాలెం వైపు చాలామంది గొప్పగా చెబుతారు. అందులో జీర్ణం కాని పిండిపదార్థం ఉన్నమాట నిజమే అయినా ఓవెన్ వేడికి చాలా భాగం మామూలు పిండిపదార్థంగా మారిపోతుంది, కనుక రుచి కోసం వాడుకో, పీచు లెక్కలో రాయకు.

ఏది వాడినా చక్కెర, బెల్లం తగ్గించకుండా చేసిన కేకును షుగర్ ఉన్నవారికి పనికివస్తుందని అమ్మవద్దు. ఇసబ్గోల్ వేసిన వాటి అట్ట మీద ఆ పేరు స్పష్టంగా రాయి, మందులు వేసుకునేవారు మందుకూ దానికీ నడుమ వ్యవధి ఉంచుకోవలసి రావచ్చు. పొడులన్నీ గాలి చొరని డబ్బాల్లో పెట్టు. వానాకాలంలో పిండి తానే తేమ పట్టి ఉంటుంది కనుక, కప్పులు చెంచాలు మాని తూకం వేసి కలుపుకో, నీళ్లలో ఒక గరిటెడు వెనక్కి ఉంచి ముద్ద తీరు చూశాక పోసుకో. మొదటి వాయి తూకాలన్నీ రాసి పంపితే ఎక్కడ మార్చాలో చెబుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య