శ్రీకాకుళంలో ఒక్క రోజు గ్రూప్ రైడ్: బయటి ఊరి సభ్యులు వస్తుంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మీ బైక్ క్లబ్‌లో ఎనిమిది మంది ఉన్నారని, రాజమహేంద్రవరం నుంచి పది మంది సభ్యులు శనివారం రాత్రికి వస్తున్నారని రాశారు. ఆదివారం అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం, శాలిహుండం, శ్రీముఖలింగం, తేలినీలాపురం, బారువ అన్నీ చూపించి సాయంత్రమే వాళ్లను సాగనంపడం కుదురుతుందా అని అడిగారు.

కుదరదు. బారువ వెళ్లి రావడానికే దాదాపు 200 కిలోమీటర్లు అవుతుంది. పైగా మీ అతిథులు ముందు రోజే 300 కిలోమీటర్ల దాకా హైవే మీద బండి తోలి వచ్చి ఉంటారు. ఆదివారం పొద్దున వాళ్ల నడుము, మణికట్లు ఎలా ఉంటాయో బండి నడిపేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నేను శ్రీకాకుళంలోనే ఉంటాను. మా క్లబ్ తరఫున ఇలాంటి రైడ్లు నాలుగు నడిపాను. మొదటిసారి నేనూ మీలాగే జాబితా వేశాను. మన జిల్లాకు ఎవరూ రారు, వచ్చినవాళ్లకు ఒక్కటి కూడా వదలకుండా చూపించాలి అన్న ఆరాటం అది. ఆ రోజు మా అతిథులు ఐదు చోట్ల బండి దిగారు, ఐదు చోట్ల ఫొటో తీసుకున్నారు, ఎక్కడా పది నిమిషాలు కుదురుగా నిలబడలేదు. అయినా అది చిన్న తప్పే. పెద్దది గార వైపు రోడ్డు మీద జరిగింది.

డిసెంబరు చివర, నూర్పుళ్ల రోజులు. రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారని మనందరికీ తెలుసు. ముందు నేనే ఉన్నాను. ఒక మలుపు తిరగగానే ఎడమ సగమంతా ధాన్యం పరిచి ఉంది, అంచున రాళ్లు పేర్చారు. నేను రోజూ చేసినట్టే కుడికి జరిగి వెళ్లిపోయాను. చెయ్యి ఎత్తలేదు, బ్రేక్ కూడా తాకలేదు. నా వెనక మా వాళ్లిద్దరూ అలాగే వచ్చేశారు. నాలుగో బండి అతిథిది. ఆయన మలుపులో ధాన్యాన్ని చూసి కంగారుగా ముందు బ్రేక్ పట్టారు. అప్పటికే చక్రం గింజల మీదకు ఎక్కేసింది. బండి పక్కకు పడి జారిపోయింది. స్పీడు 40 లోపే కాబట్టి మోకాలు చీరుకుపోవడం, మణికట్టు బెణకడంతో సరిపోయింది.

పొలంలోంచి ఒక పెద్దావిడ పరుగెత్తుకుని వచ్చి, "ఏటయింది బాబూ, దెబ్బ తగిలిందేటి?" అంటూ చెంబుతో నీళ్లు పోసి గాయం కడిగింది. ఆమె ధాన్యం సగం పక్క కాలువలోకి చెదిరిపోయింది. దాని గురించి ఒక్క మాట అనలేదు. మేమంతా హెల్మెట్లు తీసి పక్కన పెట్టి, ఆమె ఇచ్చిన చేటలతో గింజలు ఎత్తాం. దెబ్బ తగిలిన ఆయన కూడా కట్టు కట్టించుకుని కూర్చున్నచోటే ధాన్యం దగ్గరకు లాగుతున్నారు. గంటన్నర అక్కడే గడిచింది. ఆ రోజు శ్రీముఖలింగం వెళ్లనే లేదు.

ఆ ధాన్యం నాకు కొత్త కాదు. ఆయనకు కొత్త. మన చేతులు అలవాటుగా చేసేసే పనులు చాలా ఉంటాయి: ఏ ఊరి మొదట్లో రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ ఉంది, ఏ కల్వర్టు పక్కన అంచు కూలిపోయింది, ఏ వేళకు గేదెలు రోడ్డు దాటుతాయి. వచ్చినవాళ్లకు అవేవీ తెలియవు. అప్పటి నుంచి మా క్లబ్‌లో అతిథులున్న రైడ్‌కు ముందు రోజు సాయంత్రం ఇద్దరం ఆ రూటంతా ఒకసారి తిరిగి వస్తాం. చూసినవన్నీ పొద్దున బయలుదేరే ముందు అందరినీ నిలబెట్టి చెబుతాం. ఎడమ చెయ్యి కిందికి ఊపితే నెమ్మదించాలి, కాలు చాపి చూపిస్తే ఆ పక్క రోడ్డు బాగోలేదు అని సైగలు కూడా అప్పుడే కలుపుకుంటాం. ఒక్కో ఊళ్లో ఒక్కో సైగ వాడతారు కాబట్టి ఇది తప్పనిసరి.

ఇక రూటు. ఆదివారం సూర్యభగవానుడి రోజు, అరసవల్లిలో రద్దీ విపరీతంగా ఉంటుంది. పద్దెనిమిది బండ్లతో అక్కడికి వెళ్తే పార్కింగ్‌కే గంట పోతుంది. గుడి ఊరికి ఆనుకునే ఉంది కదా, వాళ్లు శనివారం సాయంత్రం పెందలాడే చేరుకుంటే ఆటోల్లో తీసుకెళ్లి దర్శనం చేయించండి. ఆదివారం మాత్రం శ్రీకూర్మం, కళింగపట్నం, శాలిహుండం చాలు. మూడూ గార మండలంలోవే. అన్నీ కలిపినా 70 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇంత తక్కువా అని మీవాళ్లు అంటారు, పట్టించుకోకండి.

పొద్దున ఆరింటికే బయలుదేరొద్దు. శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు, అంటే తూర్పుకు వెళ్తున్నారు. ఉదయించే సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు. చలికాలమైతే మంచు కూడా ఉంటుంది. తీరిగ్గా ఇడ్లీ తిని ఏడున్నరకు బయలుదేరండి.

శ్రీకూర్మంలో గంట ఉండండి. కూర్మావతారంలో విష్ణుమూర్తి ఉన్న గుడి, రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. ఎవరినీ తొందరపెట్టకండి. మీ వాళ్లు ఇద్దరు బయట బండ్లు, జాకెట్లు, బూట్ల దగ్గర ఉండాలి. మేము వంతులు వేసుకుంటాం. కాపలా లేకపోతే అతిథులు గుళ్లో నిలబడి బయటి సామాను గురించే టెన్షన్ పడతారు.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. కుర్రాళ్లుంటే నీళ్లలో దిగుతామంటారు. నది కలిసే చోట లాగుడు ఎక్కువ, అక్కడ మాత్రం దిగనివ్వకండి. శాలిహుండం బౌద్ధ స్తూపాలు వంశధార ఒడ్డునే కొండ మీద ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం బూట్లతో ఆ మెట్లు ఎక్కడం కష్టం కాబట్టి తలా ఒక జత చెప్పులు, నీళ్ల సీసా తెచ్చుకోమనండి. పైకి చేరాక ఇటుక స్తూపాల పక్కన నిలబడి కిందికి చూస్తే నది పారుతూ కనిపిస్తుంది. మా అతిథులు ఇప్పటికీ ఫోన్ చేస్తే ఆ కొండ గురించే అడుగుతారు.

శ్రీముఖలింగం ఇంకోసారికి ఉంచండి. అది తూర్పు గాంగుల కాలపు గుడి, దాని శిల్పాలకే సగం రోజు ఇవ్వాలి. తేలినీలాపురానికి బండ్ల గుంపుతో వెళ్లడం నాకు మనస్కరించదు. కొంగలు, పెలికాన్లు ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఆ ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. పద్దెనిమిది సైలెన్సర్ల మోత అక్కడికి తీసుకెళ్లకూడదు. వెళ్తే కారులో, నలుగురైదుగురు వెళ్లండి.

బండ్ల వరుస గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పద్దెనిమిది బండ్లను ఒకే వరుసలో నడపకండి. ముందు బండి మలుపు దగ్గర 60 నుంచి 30కి తగ్గి, దాటాక మళ్లీ 60 అందుకుంటుంది. అప్పటికి చివరివాడు ఇంకా మలుపు ఇవతలే 30లో ఉంటాడు. ఆ దూరం అందుకోవాలని 80 దాకా లాగుతాడు. వరుస ఎంత పొడుగైతే చివరివాడి మీద ఒత్తిడి అంత. అందుకే తొమ్మిదేసి చొప్పున రెండు జట్లు చెయ్యండి, మధ్య పది నిమిషాల తేడా ఉంచండి. ఒక్కో జట్టులో మీవాళ్లు నలుగురు, అతిథులు ఐదుగురు. లీడ్ మీవాడు, వెనక ఇద్దరు మీవాళ్లు, తర్వాత అతిథుల్లో అందరికంటే నెమ్మదిగా నడిపే ఆయన, ఆయన వెనక మిగతావాళ్లు, చిట్టచివర మీ నాలుగోవాడు స్వీప్‌గా, అంటే ఎవరూ వెనక మిగిలిపోకుండా చూసుకునేవాడిగా.

లీడ్ వెనకున్న ఇద్దరి పని మలుపుల దగ్గర నిలబడటం. దారి చీలే చోట మొదటివాడు బండి పక్కకు ఆపి, చెయ్యి చూపిస్తూ అందరూ వెళ్లేదాకా ఉంటాడు. స్వీప్ కనబడగానే అతని ముందు చేరతాడు. తర్వాతి మలుపు రెండోవాడిది. తికమకపెట్టే మలుపులు రెండు దాటాక ఎక్కడైనా టీకి ఆపండి, మళ్లీ వరుస సరిచేసుకోవచ్చు. దీని వల్ల అతిథి ఎవరూ ముందు బండిని కళ్లతో పట్టుకుని పరుగెత్తక్కర్లేదు. వెనకబడినా మలుపులో మనిషి ఉంటాడన్న ధైర్యం ఉంటుంది.

60 స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు బండికి రెండు సెకన్ల ఎడం, అంటే 33 మీటర్లు ఉండాల్సిందే. హైవే మీద ఒకరు కుడివైపు, తర్వాతివారు ఎడమవైపు ఉండేలా నడవచ్చు. గార రోడ్డు లాంటి వాటి మీద ఒకరి వెనక ఒకరే.

పెట్రోలు శనివారం రాత్రే కొట్టించమనండి. స్పోక్ చక్రాలకు మామూలుగా ట్యూబ్ టైర్లు ఉంటాయి, పంక్చరైతే చక్రం విప్పాలి. ఆదివారం షాపు తెరిచే మెకానిక్‌ను ముందే మాట్లాడి పెట్టుకోండి.

మధ్యాహ్నం రెండుకల్లా శ్రీకాకుళం చేరి భోజనం పెట్టండి. చేపల పులుసు, చివర్లో చోడి (రాగి) అంబలి ఉంటే మా అతిథులకు చాలా నచ్చింది. ఆ తర్వాత వాళ్లను అదే సాయంత్రం పంపకండి. 300 కిలోమీటర్లంటే సగం దారి చీకట్లోనే, వెనక లైటు లేకుండా ఆగిన లారీలు, ట్రాక్టర్లు దాటుకుంటూ వెళ్లాలి. ఆదివారం రాత్రి కూడా మీ ఊళ్లోనే పడుకుని సోమవారం తెల్లవారాక బయలుదేరమని ఇప్పుడే చెప్పేయండి. సెలవు పెట్టుకోవాలంటే వాళ్లకు ముందే తెలియాలి కదా. మరీ కుదరనివాళ్లు శాలిహుండం వదిలేసి కళింగపట్నం నుంచి వెనక్కి వచ్చేయాలి. మీవాడు ఒకరు వాళ్లతో వచ్చి, హైవే ఎక్కించి తిరిగి రావాలి.