హ్యాండ్‌లో పెట్టిన స్విచ్‌ని మళ్లీ ఆటోలోకి తెచ్చేదెవరు?

ప్రశ్న: సార్, హైదరాబాద్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తుంటాను. చలికి ఎసిటిక్ యాసిడ్ పైపు లైన్లు గడ్డకట్టకుండా మా దగ్గర హీట్ ట్రేసింగ్ కేబుల్ (పైపు వెంట వేసి కరెంటుతో వేడిచేసే కేబుల్) వేశారు. డిసెంబర్‌లో ఒక రాత్రి లైన్ బిగుసుకుపోతే షిఫ్ట్ వాళ్లు సెలెక్టర్ స్విచ్‌ని ఆటో (పైపు వేడిని బట్టి దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యేది) నుంచి హ్యాండ్‌కి (ఆగకుండా ఆన్‌లోనే ఉండేది) తిప్పారు, తర్వాత అందరం మర్చిపోయాం. ఏప్రిల్‌లో ప్యానెల్ తెరిచి చూస్తే ఏకంగా 9 సర్క్యూట్లు హ్యాండ్‌లోనే ఉన్నాయి. స్విచ్ తిప్పినప్పుడల్లా రాయాలని మేనేజర్ గారు రిజిస్టర్ పెట్టించారు. రెండు వారాలు రాశారు, ఆపేశారు. ఇంకేం దారి ఉంది?

జవాబు: రిజిస్టర్ రాయలేదని వాళ్లని తిట్టకండి తమ్ముడూ. రాత్రి 2 గంటలకు బ్యాచ్ ఆగిపోయి, ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, స్విచ్ తిప్పినవాడు లైన్ కదిలిందా లేదా అని చూస్తాడు గానీ పెన్ను వెతుక్కుంటాడా? నేనూ వెతుక్కోలేదు.

అయితే దీన్ని కరెంటు బిల్లు సంగతి అనుకుని వదిలేయొద్దు. బిల్లూ తక్కువేం కాదు: మీటరుకు 30 వాట్ల కేబుల్ 60 మీటర్లుందనుకుంటే 1.8 కిలోవాట్లు, అది 120 రోజులు ఆగకుండా నడిస్తే ఒక్క లైన్‌కే 5 వేల యూనిట్లు దాటుతుంది. అసలు భయం యాసిడ్‌తోనే. అది 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది, మన చలికాలం రాత్రుళ్లు అంతకంటే కిందికి పోతాయి కాబట్టి ట్రేసింగ్ తప్పదు. కానీ దాని ఫ్లాష్ పాయింట్ 39 డిగ్రీల దగ్గరే ఉంది, అంటే ఆ వేడిలో ఏదైనా ఫ్లాంజ్ (పైపుల అతుకు) దగ్గర కారితే పైకి లేచే ఆవిరి నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఏప్రిల్ ఎండే పైపుని ఆ దరిదాపుల్లోకి తీసుకెళ్తుంటే, కింద నుంచి కేబుల్ కూడా రాత్రింబవళ్లు కాల్చడం ఎందుకు? ఇంకోటి, నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి, ఎసిటిక్ యాసిడ్ దానికి వ్యతిరేకం, కరిగేటప్పుడు ఉబ్బుతుంది. రెండు వాల్వులూ మూసి మధ్యలో కరిగించారనుకోండి, ఆ ఒత్తిడికి గాస్కెట్ (అతుకులో కారకుండా పెట్టే సీలు) పోతుంది. అందుకే హ్యాండ్‌లో పెట్టే ముందు ఒక కొస తెరిచి ఉందో లేదో చూడాలి, కరిగించడం కూడా ఆ కొస నుంచే మొదలుపెట్టాలి.

ఇక మీ ప్రశ్న. మీ రిజిస్టర్‌కి చిక్కేది ప్యానెల్ మీది స్విచ్ ఒక్కటే. థర్మోస్టాట్ (వేడి చాలినంత రాగానే కరెంటు ఆపే పరికరం) పాడైందని ఎవరో రెండు టెర్మినళ్ల మధ్య వైరు ముక్క పెట్టి లూప్ చేసి ఉంటే? స్విచ్ బుద్ధిగా ఆటోలోనే కనిపిస్తుంది, కేబుల్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. లేదంటే కంట్రోలర్‌లో సెట్ పాయింట్‌ని (పైపు ఎంత వేడిగా ఉండాలో పెట్టే అంకెని) 25 నుంచి 80 డిగ్రీలకి పెంచి వెళ్లిపోయి ఉంటారు, అదీ మాన్యువల్ కిందే లెక్క. కాబట్టి స్విచ్ ఎటు తిరిగి ఉందని చూసి ఊరుకోకండి. డిజైన్ కాగితంలో ఉన్న సెట్ పాయింట్ కంటే పైపు వేడిగా ఉండి కూడా కేబుల్‌లో కరెంటు పారుతుంటే, ఎవరో ఎక్కడో చెయ్యి పెట్టారన్నమాట. డీసీఎస్‌లో (ప్లాంటుని నడిపే కంప్యూటర్ కంట్రోల్ వ్యవస్థలో) ఈ షరతుకి అలారం పెట్టించండి. డీసీఎస్ లేకపోతే నెలకోసారి మధ్యాహ్నం పూట టాంగ్ టెస్టర్ (వైరు విప్పకుండానే కరెంటు కొలిచే మీటరు) పట్టుకుని ప్యానెల్ ముందు నిలబడండి, గంటలో తేలిపోతుంది.

స్విచ్ సంగతికొస్తే, దాని వెనక ఒక అదనపు కాంటాక్ట్ బ్లాక్ బిగించి డీసీఎస్‌కి వైరు లాగితే ఎప్పుడు తిప్పారో టైముతో సహా దానంతటదే నమోదవుతుంది, ఎవరు తిప్పారో ఆ షిఫ్ట్ చూస్తే తెలుస్తుంది. నేనైతే అంతకంటే ముందు టైమర్ పెట్టిస్తాను. హ్యాండ్ కమాండ్ 8 గంటలు, అంటే ఒక్క షిఫ్ట్ మాత్రమే పనిచేసి తనే ఆటోకి పోవాలి, ఇంకా కావాలంటే వచ్చే షిఫ్ట్ వాడు మళ్లీ నొక్కుకోవాలి. ఈలోగా డ్రాయింగ్ తీసి చూడండి, చాలా పాత ప్యానెళ్లలో హ్యాండ్‌కి తిప్పగానే థర్మోస్టాట్‌తో పాటు, వేడి హద్దు దాటితే కరెంటు ఆపేసే హై టెంపరేచర్ కటాఫ్ కూడా బైపాస్ అయిపోతుంది. మీ దాంట్లో అలా ఉంటే మిగతావన్నీ ఆపి ముందు అది సరిచేయించండి.

ఆఫ్‌లో మిగిలిపోయినవీ ఇలాంటివే. ఎండాకాలం రిపేరుకని ఆఫ్ చేస్తారు, డిసెంబర్‌లో బయటపడుతుంది. దీపావళి లోపల ఒకసారి అన్నీ చూసుకోండి.

చివరగా, ఆ 9 సర్క్యూట్లలో పదేపదే హ్యాండ్‌కి పోయేవేవో గుర్తుపట్టండి. నేను పనిచేసిన ఒక ప్లాంటులో ఒకే లైన్‌ని ప్రతి చలికాలం హ్యాండ్‌లో పెట్టేవాళ్లు. తీరా చూస్తే ఆర్‌టీడీని (పైపు వేడిని కొలిచే సెన్సర్‌ని) పంపు పక్కనే బిగించారు. పంపు వేడికి అది హాయిగా 30 చూపిస్తుంటే అవతల 40 మీటర్ల దూరంలో లైన్ గడ్డకట్టేది. ఆర్‌టీడీని అటు మార్చాక ఆ స్విచ్ జోలికి ఎవరూ పోలేదు.

ప్రశ్న: మాది సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్. ఎప్పుడూ హ్యాండ్‌లో ఉంచినా ఫర్వాలేదంటున్నారు, నిజమేనా?

జవాబు: కేబుల్‌కి ఫర్వాలేదు. వేడెక్కే కొద్దీ దాని వాటేజీ తగ్గుతుంది కాబట్టి తనను తాను కాల్చుకోదు. అయితే తగ్గుతుందే గానీ పూర్తిగా ఆగదు, పైపులో ఉన్నదానికి ఎంత వేడి చాలో దానికి తెలియదు. పైన చెప్పిన యాసిడే మీ లైన్లోనూ ఉంటే ఆటోలోనే ఉంచండి.