ఆకు మీది చిల్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఉత్తరంలో నన్ను మేడమ్ అన్నావు. మీ అమ్మ నన్ను అక్కా అంటుంది కాబట్టి నీకు పెద్దమ్మను. ఇక మీదట అలాగే రాయి.

జర్మన్ చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు చాలా సంతోషం. మూడు వందల ఏళ్ల కిందటి రాగి చెక్కడపు బొమ్మలు, అందులోనూ పురుగుల బొమ్మలు, ఎవరు చదువుతారోనని టెన్షన్‌గా ఉందన్నావు. అది పక్కన పెట్టు. బాగుంటే చదువుతారు. నాకున్న ఇబ్బంది వేరు. నీ వ్యాసం నిండా సీతాకోకచిలుకలే ఉన్నాయి. ఒక్క గొంగళిపురుగు లేదు, ఒక్క ఆకు లేదు.

నువ్వు పాత 500 జర్మన్ మార్కుల నోటుతో మొదలుపెట్టావు. నోటు మీద ఆమె ముఖం, చూపు, జుట్టు గురించి ఐదు వాక్యాలు రాశావు. ఆ నోటు వెనకవైపు చూశావా? డాండెలియన్ అనే కలుపు మొక్క, దాని మీద ఒక గొంగళిపురుగు, ఒక రెక్కల పురుగు ఉన్నాయి. నేనైతే అక్కడ మొదలుపెడతాను.

ఆమె 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి పుస్తకాలు అచ్చువేసేవాడు, చెక్కడపు పని చేసేవాడు. ఆమెకు మూడేళ్లప్పుడే పోయాడు. బొమ్మలు గీయడం మారుటి తండ్రి దగ్గర నేర్చుకుంది. 13 ఏళ్ల వయసులో పట్టుపురుగులను పెంచి, రోజూ చూసి, చూసింది రాసుకోవడం మొదలుపెట్టింది. ఇదంతా నువ్వు ఒక్క పేరాలో చెప్పేశావు, సరిపోతుంది. కానీ 1679లో ఆమె వేసిన గొంగళిపురుగుల పుస్తకం మొదటి బొమ్మ దగ్గర నువ్వు ఆగలేదు. నేను ఆగమంటాను. ఆ పుస్తకంలో 50 బొమ్మలు, రాగి మీద తనే గీసింది. మొదటిది పట్టుపురుగు. మల్బరీ ఆకు, గుడ్లు, చిన్న పురుగు, పెద్ద పురుగు, గూడు, చిమ్మట, అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. చిమ్మట మళ్లీ గుడ్లు పెడుతుంది. చూపు కాగితమంతా తిరిగి మొదలైన చోటికే వస్తుంది.

నేను ఈ బొమ్మను తేలిగ్గా దాటలేను. కారణం చెప్తాను. మాది హిందూపురం వైపు పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. పురుగులుండే గదిలోకి పొగాకు ముట్టుకున్న చేతులతో ఎవరినీ రానిచ్చేవాళ్లు కాదు, పురుగులు చచ్చిపోతాయని. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. దాన్ని మా వాళ్లు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. పురుగులు జ్వరానికి కూర్చుంటే తల పైకెత్తి కదలకుండా ఉంటాయి, ఆకు ముట్టవు. అప్పుడు సున్నం పొడి చల్లేవాళ్లు. నాలుగో జ్వరం లేచాక రాత్రీ పగలూ ఆకు కోసి తేవడమే పని. పండిన పురుగు ఒళ్లు పసుపు తిరిగి, లోపల వెలుతురున్నట్టు కనిపిస్తుంది. వాటిని ఏరి చంద్రికల మీద, అంటే వెదురు తడికల మీద, వేస్తే గూళ్లు కడతాయి. గూళ్లు ఏరి మార్కెట్‌కు తీసుకెళ్లేవాళ్లు.

ఇంత చూసి పెరిగినదాన్ని, నా మొదటి కథలో చివరి వాక్యం ఏం రాశానో తెలుసా? గూడు చీల్చుకుని వచ్చిన పట్టు చిమ్మట కిటికీలోంచి ఆకాశంలోకి ఎగిరిపోయింది అని రాశాను. అచ్చయ్యాక అమ్మకు చదివి వినిపించాను. అమ్మ అంతా విని, "ఆ చిమ్మట ఎగరదు కదే" అంది. నిజమే. వేల ఏళ్లుగా మనుషుల పెంపకంలో ఉండి అది ఎగరడం మరిచిపోయింది. తినడానికి నోరు కూడా పనిచేయదు. జత కట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. అసలు మా ఇంట్లో గూళ్లలోంచి చిమ్మట బయటికి రావడమే నేను చూడలేదు, ఈలోపే గూళ్లు అమ్మేసేవాళ్లం. చూసినదంతా వదిలేసి, చూడనిది రాశాను. ఆ కథను నేను మళ్లీ ఏ సంపుటిలోనూ వేయలేదు. మెరియన్ మొదటి బొమ్మలో ఆ చిమ్మటను చూసినప్పుడల్లా అమ్మ మాట వినిపిస్తుంది.

నీ వ్యాసంలో ఆకు లేదన్నప్పుడు నేను చెప్పేది ఇదే. మెరియన్‌కు ముందు పురుగుల బొమ్మలు వేసినవాళ్లు లేకపోలేదు. హాలెండ్‌లో యాన్ హూడార్ట్ 1660లలోనే గొంగళిపురుగును, దానిలోంచి వచ్చే చిమ్మటను ఒకే బొమ్మలో చూపించాడు. కానీ అవి ఖాళీ కాగితం మీద ఉంటాయి. అవి ఏం తిని బతికాయో బొమ్మలో ఉండదు. మెరియన్ బొమ్మలో మొక్క ఉంటుంది, ఏదో ఒక మొక్క కాదు, ఆ పురుగు తినే మొక్క. ఆకుల మీద చిల్లులు కూడా ఉంటాయి. జూమ్ చేసి చూడు. తిన్న అంచు ఎలా వంపు తిరిగిందో, నరం దగ్గర ఎక్కడ ఆగిందో గీసింది. అప్పట్లో పూల బొమ్మలు గీసేవాళ్లు చెక్కుచెదరని ఆకునే గీసేవాళ్లు అనుకోకు, డచ్ చిత్రకారులు పురుగు తిన్న ఆకులూ వేశారు. అక్కడ చిల్లు అందం కోసం, మనిషి బతుకు నిలకడలేనిదని గుర్తు చేయడం కోసం. ఇక్కడ మాత్రం ఆ చిల్లు ఎవరు చేశారో వాళ్లు పక్కనే ఉన్నారు. ఈ తేడా నీ వ్యాసంలోకి రావాలి, నీ మాటల్లో రావాలి.

దీనికి పూర్తిగా వేరే దారి కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్ని వ్యాపారి పీటర్ క్రేమర్ 1775 నుంచి వేయించిన సీతాకోకచిలుకల పుస్తకం. 1782కు పూర్తయ్యేసరికి 400 బొమ్మలు. ఆయన మధ్యలోనే పోతే కాస్పర్ స్టోల్ దాన్ని ముగించాడు. అందులో రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలు వరుసగా ఉంటాయి, పైవైపు ఒకటి, కిందివైపు ఒకటి. ఆకు లేదు, పురుగు లేదు. కొన్నింటికి వచ్చిన చోటు కోరమాండల్ తీరం అని రాసి ఉంటుంది. అంటే మన సముద్రం ఒడ్డు. మన దక్షిణాది తోటల్లో కనిపించే, వెనక రెక్కల మీద లేత నీలం ఉన్న పెద్ద నల్ల సీతాకోకచిలుకకు పాలిమ్నెస్టర్ అని పేరు పెట్టింది క్రేమరే. పేరు తెలుసుకోవడానికి ఆ పుస్తకం గొప్పది. కానీ ఆ పేజీలన్నీ సూది గుచ్చి పెట్టెలో పెట్టిన పురుగుల్ని చూసి గీసినవి. నీ వ్యాసం ఇప్పుడు క్రేమర్ పేజీలా ఉంది.

ఇక నీ విశేషణాల సంగతి. రంగులమయం, మనోహరం, అద్భుతం. అద్భుతం పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. వీటి గురించి చెప్పాలంటే ఆ బొమ్మలు ఎలా తయారయ్యేవో చెప్పాలి, అది నీ వ్యాసంలో అసలు లేదు కూడా.

తిరుమల రాగిరేకుల మీద చెక్కిన అక్షరాలను అలాగే చదువుకుంటాం. ఇక్కడ రేకు చదవడానికి కాదు, అచ్చు తీయడానికి. ఉక్కు మొనతో నేరుగా రాగిని తొలుస్తారు. లేదంటే రేకు మీద మైనం పూసి, సూదితో మైనం మీద గీసి, ఆసిడ్‌లో పెడతారు. మైనం లేచిపోయిన చోట ఆసిడ్ రాగిని తింటుంది. తర్వాత రేకంతా ఇంకు రుద్ది, పైపైన తుడిచేస్తారు. గీతల గాడిలో మాత్రం ఇంకు మిగులుతుంది. తడిపిన కాగితం దాని మీద పెట్టి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం గాడిలోకి దిగి ఇంకును పీల్చుకుంటుంది. బొమ్మ కుడి ఎడమలు మారి పడుతుంది. మెరియన్ కొన్ని ప్రతులకు ఇంకో పని చేసింది. అప్పుడే తీసిన తడి అచ్చు మీద ఇంకో కాగితం పెట్టి నొక్కి, దాని నుంచి రెండో అచ్చు తీసింది. అది మళ్లీ తిరగబడి సరైన వైపుకు వస్తుంది. గీత పలచబడుతుంది, రేకు అంచు నొక్కిన గుర్తు ఉండదు. దాని మీద రంగు వేస్తే చేత్తో వేసిన చిత్రంలాగే ఉంటుంది.

రంగు అంతా తర్వాతి సంగతి. ప్రతి ప్రతికీ విడివిడిగా, చేత్తో వేయాలి. అందుకే ఏ రెండు ప్రతుల్లోనూ రంగులు ఒకేలా ఉండవు. రంగు వేయని ప్రతులు కూడా అమ్మారు. రంగు లేని బొమ్మలో నల్లగీత ఒక్కటే అంతా చెప్పాలి. చిమ్మట ఒంటి నూగు, రెక్క పలచదనం, గూటి దశలో ఉన్న ప్యూపా గట్టి పెంకు, అన్నీ గీతల దూరదగ్గరల్లోనే తెలియాలి. నీ వ్యాసం ప్రింట్ తీసి విశేషణాలన్నీ కొట్టేసి చదువు. ఏం మిగులుతుందో అదే నీ గీత. అది నిలబడితే తర్వాత ఎక్కడ రంగు కావాలో నీకే తెలుస్తుంది.

నీకు నచ్చిన నీలం సీతాకోకచిలుకనే తీసుకో. దక్షిణ అమెరికాలో అప్పటి డచ్ వలస సూరినామ్. 1705లో ఆమె ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంతంగా వేసిన సూరినామ్ పురుగుల పుస్తకంలో తొమ్మిదో బొమ్మ, దానిమ్మ కొమ్మ మీద మార్ఫో. ఆ నీలాన్ని నువ్వు నాలుగు వాక్యాలు పొగిడావు. ఆమె ఏం చేసిందో చూడు. ఇలాంటి నీలం రెక్కను భూతద్దం పెట్టి చూసింది. అది వరుసగా పేర్చిన ఇంటి పెంకుల్లా ఉందని రాసింది. ఆ నీలం కుంచెకు అందేది కాదని ఒప్పుకుంది. ఈ రెండు మాటలు నీ నాలుగు వాక్యాల చోట పెట్టి చూడు.

ఇంకోటి. మెరియన్ పెంచిన గొంగళిపురుగుల్లో కొన్ని గూడు కట్టాక వాటిలోంచి సీతాకోకచిలుకలు రాలేదు, ఈగల్లాంటి పురుగులు వచ్చాయి. వేరే పురుగు వాటి ఒంట్లో గుడ్లు పెట్టిందన్న సంగతి అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆమెకు నిరాశే అయ్యుండాలి. అయినా ఆ ఈగలను కూడా గీసింది, ఆ పురుగు పక్కనే. ఎదురుచూసింది రాకపోతే, వచ్చింది గీసింది.

విన్నమాట నమ్మినప్పుడు మాత్రం ఆమె కూడా తప్పు చేసింది. సూరినామ్‌లో ఒక రకం కీచురాయి లాంతరు పురుగుగా మారుతుందని అక్కడివాళ్లు చెప్పారు. 49వ బొమ్మలో ఒకదాని ఒళ్లు, ఇంకోదాని తల కలిపిన పురుగు ఉంది, అలాంటిది ఎక్కడా లేదు. ఆ లాంతరు పురుగు వెలుతురులో పత్రిక చదువుకోవచ్చని కూడా రాసింది. దానికి వెలుతురు లేదు, కానీ జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ దానికి పెట్టిన పేరులో ఆ లాంతరు ఈనాటికీ ఉంది. అదే పుస్తకంలో 18వ బొమ్మలో జామచెట్టు మీద పెద్ద సాలీడు పిట్టను తింటూ ఉంటుంది. అది కట్టుకథ అని 19వ శతాబ్దంలో వెక్కిరించారు. ఇంగ్లీషు ప్రకృతి పరిశోధకుడు హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవిలో పిట్టల్ని పట్టుకున్న సాలీడును కళ్లారా చూసి, 1863లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. రెండూ నీ వ్యాసంలో పెట్టు. తప్పు దాస్తే ఒప్పును కూడా ఎవరూ నమ్మరు.

చివరగా, సూరినామ్ ప్రయాణం. 52 ఏళ్ల వయసులో, తన చిత్రాలు అమ్మి డబ్బు సమకూర్చుకుని, చిన్న కూతురిని వెంటబెట్టుకుని 1699లో ఓడెక్కింది, జబ్బు చేసి 1701లో తిరిగొచ్చింది. సాహసం అన్నావు, ఒప్పుకుంటాను. కానీ ఆమె ఒంటరిగా అడవిలో తిరిగినట్టు రాశావు. అది నిజం కాదు. దారి నరికినవాళ్లు, పురుగులు తెచ్చినవాళ్లు, మొక్కల పేర్లు చెప్పినవాళ్లు బానిసలు, స్థానికులు. వాళ్ల పేర్లు ఆమె రాయలేదు. పంచదార తప్ప మరోటి వెతుకుతున్నందుకు తోటల యజమానులు తనను ఎగతాళి చేశారని మాత్రం రాసింది. నెమలిపువ్వు అని ఆమె వేసిన 45వ బొమ్మ చూడు. అది మన పెరళ్లలో పూసే రత్నగంధి. దాని గింజలతో బానిస స్త్రీలు గర్భం పోగొట్టుకునేవాళ్లని, తమ బిడ్డలు బానిసలు కాకూడదనే అలా చేసేవాళ్లని, ఆ సంగతి వాళ్లే తనకు చెప్పారని ఆ బొమ్మ పక్కన రాసింది. నువ్వు ఆ బొమ్మను "ఎర్రటి పూల మధ్య ఎగిరే అందం" అన్నావు. ఆ వాక్యం కొట్టేయి, దాని చోట ఆమె రాసింది పెట్టు.

నా డాబా మీద నిమ్మకుండీలో మూడు వారాల కిందట రెండు గొంగళిపురుగులు కనిపించాయి. మొదట పిట్ట రెట్టలా ఉన్నాయి, తర్వాత పచ్చబడ్డాయి. వేలితో తాకితే మెడ దగ్గర్నుంచి ఎర్రటి కొమ్ము లాంటిది బయటికి తీసి, ఘాటు వాసన వదిలేవి. లేత ఆకులన్నీ తినేశాయి, నేను వద్దనలేదు. ఒకటి నిన్న రెమ్మకు ఆనుకుని, నడుముకు సన్నటి దారం చుట్టుకుని గూడు కట్టింది. రెండోది ఎటు పోయిందో తెలీదు. నువ్వు వ్యాసం మళ్లీ రాసి పంపేసరికి గూట్లోంచి ఏదో ఒకటి వచ్చి ఉంటుంది. సీతాకోకచిలుక వస్తే అది, ఈగ వస్తే అది, నీకు రాస్తాను.

అమ్మను అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ